ఇంటిబండిలోని పసుపుబారిన ప్లాస్టిక్కు

అమెరికా దేశపు రహదారులపై పెద్ద కార్ల వెనుక తగిలింపబడి, వెండివలె మెరయుచు పోవు పొడవైన బండ్లు కొన్ని కనబడుచుండును. వాని మూలలు గుండ్రముగా నుండును. ఒడలంతయు అల్యూమినియపు రేకు. రేకును రేకుతో కలుపుచు వరుసలు తీరిన రివిట్లు. ఇవి సరకులు మోయు బండ్లు కావు. లోపల మంచములు, వంటపొయ్యి, చిన్న రిఫ్రిజిరేటరు, స్నానపుగది మున్నగునవన్నియు అమర్చబడి యుండును. ఒక చిన్న కుటుంబము అందులో నెలల తరబడి కాపురముండవచ్చును. ఇట్టి వాహనములను ఆ దేశమువారు క్యాంపర్లు అందురు. మనము ఇంటిబండ్లు అనుకొందము.

ఈ వెండిబండ్లకు ఎయిర్‌స్ట్రీమ్ అని పేరు. వాలీ బయమ్ అను నతడు 1931లో ఈ సంస్థను ప్రారంభించెను. 1936లో వెలువడిన క్లిప్పర్ అను బండితో ఆ గుండ్రని అల్యూమినియపు రూపము ప్రసిద్ధి కెక్కినది. 1969 జూలైలో చంద్రయాత్ర ముగించుకొని వచ్చిన ముగ్గురు వ్యోమగాములను, వారి వెంట చంద్రునినుండి ఏ సూక్ష్మజీవియైనను వచ్చెనేమో యను శంకచే, కొన్నిదినములు వేరుగా నుంచిరి. సముద్రములో దిగిన వారిని నౌకపై నెక్కించుకొని మొదట ఉంచిన గది, చక్రములు తీసివేసి మార్చిన ఎయిర్‌స్ట్రీమ్ బండియే. 

1970వ దశకములో తయారైన ఈ బండ్లు నేటికిని అనేకము మిగిలి యున్నవి. వానిని తక్కువ వెలకు కొని, బాగుచేసి, మరల బాటకెక్కించుట అచ్చట పలువురకు ప్రీతియైన పని. అట్లు కొన్నవాడు మొదట బండిచుట్టు తిరిగి చూచును. రేకు కొంచెము మసకబారి యుండును, అంతియే. మెరుగుపెట్టినచో అద్దమువలె ముఖము కనబడును. తలుపు తెరచి లోనికి పోయినప్పుడే అతని ఉత్సాహము చల్లబడును. బండి ముందువైపునను వెనుకవైపునను పైకప్పు వంగి దిగు చోట గల పెద్ద ప్లాస్టిక్కు పలకలు, స్నానపుగది గోడలు, దీపముల చట్రములు, అల్మరల పిడులు, మీటల పలకలు — పుట్టినప్పుడు తెల్లగానో, దంతపువన్నెతోనో ఉన్న ఈ వస్తువులన్నియు పసుపుబారి యుండును. కిటికీల చెంతను, దీపముల చుట్టును ఆ పసుపు ముదిరి బెల్లపు రంగునకు దిగి యుండును.

ఇది విచిత్రము కాదా? యాబదియేండ్లు ఎండకును, వానకును, మంచునకును ఒడ్డిన వెలుపలి రేకు చెడలేదు. నీడపట్టున నున్న లోపలి పలక ముదిసినది.

రేకు సంగతి సులభముగా తెలియును. అల్యూమినియము గాలి తగిలిన వెంటనే ఆమ్లజనితో కలిసి, తనపై కంటికి కనబడనంత సన్నని పొర నొకదానిని కప్పుకొనును. ఆ పొర గట్టిది. లోని లోహమునకు గాలిని మరల తగులనీయదు. తన చావును తానే అడ్డుకొను ఈ గుణము ప్లాస్టిక్కునకు లేదు.

ఆ లోపలి పలకలు ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్కుతో చేసినవి. ఆక్రిలోనైట్రైల్, బ్యూటడైన్, స్టైరీన్ అను మూడు పదార్థముల మొదటి అక్షరములను కలిపి దాని కాపేరు పెట్టిరి. బోర్గ్-వార్నర్ సంస్థ 1954లో దీనిని అమెరికా విపణిలోనికి తెచ్చెను. ఆక్రిలోనైట్రైల్ దీనికి బిగువునిచ్చును. నూనెలకు, రసాయనములకు లొంగని శక్తినిచ్చును. స్టైరీన్ నునుపును, సులభముగా అచ్చునకు ఒదుగు గుణమును ఇచ్చును. కాని ఈ రెండును మాత్రమే ఉన్నచో ఆ వస్తువు క్రిందపడిన గాజుపలకవలె పగిలిపోవును. బ్యూటడైన్ రబ్బరుజాతి పదార్థము. అది గట్టిపాకములో చల్లిన నువ్వులవలె సన్నని రేణువులుగా పలకయంతటను నిండి యుండును. ఎక్కడనైనను పగులు బయలుదేరినచో, దారిలోని రబ్బరు రేణువులు సాగి, ఆ దెబ్బను మ్రింగి, పగులును ముందునకు పోనీయవు. ఏ.బి.ఎస్.కు గల గట్టితనము ఈ రేణువుల చలువయే. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను; తరువాతి కథయంతయు దీనిపై ఆధారపడి యున్నది.

ఈ పలకలను అచ్చుపోయు పద్ధతియు చూడదగినదే. ఏ.బి.ఎస్. పలకను కాచినచో నానిన తోలువలె మెత్తబడును. దానిని అచ్చుపై పరచి, అచ్చునకు గల సన్నని రంధ్రముల గుండ లోని గాలిని లాగివేయుదురు. వెంటనే వెలుపలి గాలి ఒత్తిడి పలకను అచ్చునకు హత్తుకొనునట్లు నొక్కును. ఖాళీ గ్లాసును నోటికి పెట్టుకొని గాలి పీల్చినప్పుడు అది మూతికి అంటుకొని వ్రేలాడుట ఎరుగని పిల్లవాడుండడు. ఇదియు నదియే. వలసిన వంపులు, గూళ్ళు, తోలుమీది గరుకువంటి నగిషీ అన్నియు ఒక్క పట్టున దిగును. అయితే లోతైన మూలలకు సాగునప్పుడు పలక అచ్చట పలుచబడును. ఏండ్లు గడచినపిదప పగుళ్ళు తరచుగా పుట్టునది ఆ పలుచని మూలలయందే.

ఇక పసుపు ఎట్లు వచ్చెను? సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. కిటికీ అద్దము వానిలో కొంతభాగమునే ఆపగలదు. మిగిలినవి లోనికి వచ్చును. బ్యూటడైన్ అణువులు పొడవైన గొలుసులు. ఆ గొలుసులలో ద్విబంధముతో కూడిన కర్బన పరమాణువుల జంటలు అడుగడుగునను ఉండును. ఈ ద్విబంధములే ఆ గొలుసులకు మర్మస్థానములు. కిరణము తాకినప్పుడు వాని చెంతనున్న బంధమొకటి తెగును. తెగినచోట గాలిలోని ఆమ్లజని వచ్చి చేరును. చేరి ఊరకుండదు. ప్రక్కనున్న అణువును కదలించును. అది మరియొకదానిని కదలించును. ఒక కిరణము రగిల్చిన కలహము ఇట్లు అనేక గొలుసులకు ప్రాకును. వేడి ఈ పనిని త్వరపరచును. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండిలోపల ఎంత ఉక్కగా నుండునో ఊహింపవచ్చును. కావుననే కాంతి సోకని అల్మరలోని ముక్కలు సహితము, ఆలస్యముగానైనను, పసుపుబారును.

ఈ మార్పులవలన పుట్టిన క్రొత్త అణుభాగములకు ఊదా, నీలి కాంతులను పీల్చు స్వభావము కలదు. తెల్లని వస్తువు తనపై పడిన రంగులన్నిటిని తిరిగి పంపును. అందులో నీలి భాగము లోపించినచో మిగిలిన కాంతి మన కంటికి పసుపుగా తోచును. పలకపై పసుపురంగు వచ్చి చేరలేదు. నీలికాంతి వచ్చిన త్రోవను తిరిగిపోవుటలేదు. పాత వార్తాపత్రిక పసుపుబారుటయు ఇట్టిదే. అచ్చట చెడునది కాగితములోని లిగ్నిన్ అను పదార్థము.

నిప్పునకు త్వరగా అంటుకొనకుండ ప్లాస్టిక్కులో కలుపు బ్రోమిన్ సమ్మేళనములే ఈ పసుపునకు కారణమని చాలమంది వ్రాయుదురు. అవి కొంత దోహదము చేయవచ్చును గాని, నేరమంతయు వానిపై మోపుట తగదు. బ్రోమిన్ లేని ఏ.బి.ఎస్. కూడ పసుపుబారును. దానికి బ్యూటడైన్ ఒక్కటి చాలును.

ఇట్లు చెడునది పలకయొక్క పైపొర మాత్రమే. కాంతియు ఆమ్లజనియు లోతునకు పోలేవు. ముక్కను విరిచి చూచినచో, ఒక మిల్లీమీటరులో కొద్దిభాగమే పసుపుగా నుండి, లోపల మొదటి వన్నె చెక్కుచెదరక యుండును. ఇది చూచి సంతోషింపరాదు. ఆ సన్నని పైపొరలోని రబ్బరు రేణువులు తమ సాగు గుణమును కోల్పోయినవి. పలక వంగినపుడు పగులు ఆ పెళుసుపొరలో పుట్టును. పుట్టిన పగులు పదునైన మొనతో లోని మంచిభాగములోనికి చొచ్చుకొనిపోవును. గాజును కోయువాడు పైన సన్నని గీటు గీచి, ఒక్క నొక్కుతో రెండు ముక్కలు చేయుట చూచినవారికి ఇది బోధపడును.

పాతబండిని బాగుచేయువాడు మొదట చేయవలసిన పని రోగము గుర్తించుట. పసుపంతయు ప్లాస్టిక్కు ముదిసినందువలననే వచ్చినదని తలపరాదు. ఏండ్ల తరబడి లోపల వంట చేసినందువలన నూనెయావిరియు, కొందరు త్రాగిన పొగాకు పొగయు గోడలకు పట్టి యుండును. గోరువెచ్చని సబ్బునీటిలో ముంచిన మెత్తని గుడ్డతో రుద్ది చూడవలెను. గుడ్డకు పసుపు అంటినచో అది మురికి, కడిగిన పోవును. గుడ్డ శుభ్రముగా నుండి పలక పసుపుగానే యున్నచో అది ప్లాస్టిక్కు మార్పు. మరియొక ఉపాయము కలదు. ఏదైన మరచీల నొకదానిని విప్పి, దాని తలక్రింద దాగిన చోటును చూడవలెను. కాంతి సోకని ఆ గుండ్రని మచ్చ పలకయొక్క జన్మవర్ణమును చెప్పును. అది చూడకుండ పనికి దిగినవారు, తయారైననాడే దంతపువన్నెతో నున్న పలకను పాలవలె తెలుపు చేయవలెనని వృథాశ్రమ పడుదురు.

రంగు తిరిగి తెచ్చుటకు ఒక విధానము 2008 ప్రాంతమున ప్రచారమునకు వచ్చినది. దానిని వాడుకలోనికి తెచ్చినవారు బండ్లవారు కారు. పాత కంప్యూటర్లను సేకరించు అభిరుచి గలవారు. వాని పెట్టెలును ఏ.బి.ఎస్.తో చేసినవే గదా! వారు రెట్రోబ్రైట్ అని పేరు పెట్టిన ఈ విధానమునకు మూలము హైడ్రోజన్ పెరాక్సైడ్ అను ద్రవము. దీనిని 1818లో తెనార్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు కనుగొనెను. నీటి అణువులో ఆమ్లజని పరమాణువు ఒక్కటి, ఇందులో రెండు. ఆ రెండవది నిలుకడ లేనిది. సందు దొరికినచో విడివడి ఎదుటి పదార్థముపై పడును. అంగళ్ళలో దీని బలమును ఘనపరిమాణములలో చెప్పుదురు. నలుబది అని గుర్తుగల ద్రవము ఒక కొలత తీసికొన్నచో దానినుండి నలుబది కొలతల ఆమ్లజని వాయువు వెడలునని అర్థము. అనగా అందు సుమారు 12 శాతము పెరాక్సైడ్ కలదు. తలవెండ్రుకల రంగు పోగొట్టుటకు క్షురశాలలలో వాడు మీగడవంటి మందు ఇదియే.

విప్పదీసిన చిన్నముక్కను కడిగి ఆరబెట్టి, ఈ మందును అంతటను సమముగా పూసి, తడి ఆరిపోకుండ పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్కు పొర చుట్టి, కొన్నిగంటలు ఎండలో నుంచుదురు. కాంతి తగిలి పెరాక్సైడ్ విచ్ఛిన్నమై, పసుపును కలిగించు అణుభాగములను భంగపరచును. ఏ కిరణములు ప్లాస్టిక్కును చెడగొట్టెనో ఆ కిరణములే ఇచ్చట రంగు బాపుటకు తోడ్పడుట విశేషము. మందు ఎక్కువ తక్కువలుగా పూసినచో ముక్కపై మచ్చలు, చారలు మిగులును. అవి పసుపుకంటె వికారముగా నుండును. మధ్యమధ్య తీసి, మరల పూసి, త్రిప్పి పెట్టుచుండవలెను. ఈ బలముగల పెరాక్సైడ్ చర్మమును తెల్లగా కాల్చును. కంటిలో పడినచో చూపునకే ముప్పు. చేతులకు తొడుగులును, కండ్లకు అద్దములును లేనిదే దీనిని ముట్టరాదు. గాలిచొరని సీసాలో దాచినచో పుట్టిన వాయువు సీసాను పగులగొట్టగలదు. పిల్లలు పెద్దల తోడు లేక చేయదగిన పని కాదిది.

మందు తీసి కడిగినప్పుడు ముక్క క్రొత్తదివలె తెల్లగా కనబడును. చూచువారికి ముచ్చట కలుగును. కాని ఆ ముక్క క్రొత్తదైనదా? కాలేదు. పెరాక్సైడ్ పోగొట్టినది రంగును మాత్రమే. తెగిన గొలుసులు అతుకుకొనలేదు. బిగిసిన రబ్బరు రేణువులు మరల సాగవు. విరంజనము చేసిన ముక్కలు కొన్ని కొద్ది సంవత్సరములలోనే, చీకటిలో నుంచినను, తిరిగి పసుపుబారినవి. వస్తుప్రదర్శనశాలల సంరక్షకులు సాధారణముగా ఈ పద్ధతి నిష్టపడరు; ఒకసారి చేసినదానిని వెనుకకు తీసికొన వీలులేదు.

పసుపు కంటికి ఇంపుగా నుండదు. అంతకుమించి హాని లేదు. పెళుసుదనము అట్లు కాదు. బండి పైకప్పునకు గాలి వచ్చుటకై గవాక్షములు కలవు. వానికి ప్లాస్టిక్కు మూతలుండును. ఒక మూతలో వెండ్రుకవాసి పగులు ఏర్పడెననుకొనుడు. వాననీరు అందుండి దిగి, గోడలోనికి ఇంకి, నేలకు చేరును. మెరయు అల్యూమినియము చూచి బండియంతయు లోహమని భ్రమపడుదుము గాని, ఎయిర్‌స్ట్రీమ్ నేల ప్లైవుడ్ చెక్క. తడిసిన చెక్క మెల్లగా కుళ్ళును. గోడకును నేలకును కలయిక వదులగును. ఆ నేల మార్చుటకు లోపలి సామానంతయు విప్పవలెను. కొన్ని రూపాయల మూత చేయు చేటు ఇంత! మీటల పలకలను తెల్లగా తోముచు కూర్చున్న యజమాని, నెత్తిమీది మూతను వ్రేలితో మెల్లగా నొక్కి చూడక పోవుట తరచుగా జరుగుచున్నది.

పగిలిన లోపలి పలకలను అతుకుటకు చక్కని మార్గ మొకటి కలదు. ఏ.బి.ఎస్. అసిటోన్ అను ద్రవములో కరగును. పలక వెనుకభాగమునుండి కత్తిరించిన ముక్కలనో, పనికిరాని ఏ.బి.ఎస్. తునకలనో సీసాలో వేసి, అసిటోన్ పోసి నానబెట్టినచో ముద్దయగును. పగులు ఇంకను ప్రాకకుండ దాని కొనయందు సన్నని రంధ్రము తొలిచి, వెనుకవైపున గాజునూలు గుడ్డ పరచి, ఈ ముద్దను మెత్తుదురు. అసిటోన్ ఆవిరియై పోగా మిగులునది ఏ.బి.ఎస్.యే. ఇది అంటించినట్టి అతుకు కాదు; పలకతో కలిసిపోయిన అతుకు. బాగుగా ఆరుటకు ఒక దినమో అంతకు మించియో పట్టును. అసిటోన్ ఆవిరి నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును. ఇంటిబండ్లలోని రిఫ్రిజిరేటర్లు పెక్కు గ్యాసు మంటతో పనిచేయునవి. కావున గ్యాసును కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచిన పిదపనే ఈ పనికి పూనుకొనవలెను.

పైకప్పు వంపునందలి పెద్దపలకల మాట వేరు. అవి బండి వెడల్పంతయు ఆక్రమించి యుండును. విప్పి ఎండలో పెట్టుట మిక్కిలి శ్రమ. విప్పబోయిన చేతులలోనే పెళుసుబారిన అంచులు విరుగును. వానికి రంగు వేయుటయే తగిన పని. నగిషీ చెడకుండ మెత్తని ఉప్పుకాగితముతో మెరుపు పోవువరకు మాత్రము రుద్ది, జిడ్డు తుడిచి, ప్లాస్టిక్కునకు పట్టు అస్తరు పూత నొకదానిని వేసి, దానిపై రంగు పూయుదురు. ఘాటైన ద్రావణములు గల రంగు పనికిరాదు. అది ముదిసిన పలకలో సాలెగూటివంటి సన్నని బీటలను పుట్టించును. రంగు వేయుట మోసమని కొందరు శుద్ధవాదులు ఈసడింతురు. వారి మాట నిలువదు. విరంజనము పసుపును తీసి పలకను మరల కాంతికి నగ్నముగా నిలుపును. రంగుపూత కాంతిని తానే ఆపి, క్రింది పొరను కాపాడును. ఉపయోగించు బండికి ఇదియే మేలు.

బండిలోని ప్లాస్టిక్కులన్నియు ఒకే జాతివి కావని కూడ ఎరుగవలెను. ఆక్రిలిక్ కిటికీలను ఆల్కహాలుతో తుడిచినచో వానిలో వెండ్రుకలవంటి బీటలు తేలును, సబ్బునీరే చాలును. పాలీకార్బొనేట్ దీపపు మూతలు మసకబారినపుడు సన్నని ఉప్పుకాగితముతో తడిగా రుద్ది, మెరుగుపెట్టి, అతినీలలోహిత కిరణములను ఆపు పూత వేయుదురు. పూత వేయనిచో ఆ మెరుగు ఎక్కువకాలము నిలువదు.

అతుకునకు లొంగనంతగా చితికిన ముక్కల స్థానమున క్రొత్తవి చేయక తప్పదు. ఇప్పుడు త్రిమితీయ ముద్రణయంత్రముతో వలసిన రూపమును ఇంటివద్దనే తయారు చేసికొనుచున్నారు. ఎండ తగులు చోటులకు వారు ఏ.బి.ఎస్.కు బదులు ఏ.ఎస్.ఏ. అను ప్లాస్టిక్కును ఎన్నుకొందురు. అది ఏ.బి.ఎస్.కు తోబుట్టువు. తేడా ఒక్కటే: బ్యూటడైన్ రబ్బరునకు మారుగా ఇందులో ఆక్రిలేట్ రబ్బరు ఉండును. ఈ రబ్బరు గొలుసులలో ద్విబంధములు లేవు. కిరణము దెబ్బతీయుటకు ఆ మర్మస్థానము దొరకకపోవుటచే, ఏ.ఎస్.ఏ. వెలుపలి ఎండలో సహితము చాలకాలము తన రంగును, గట్టితనమును నిలుపుకొనును. ముద్రించిన మూతను బండిపై బిగించిన తరువాత, పాతదానిని కొందరు పారవేయరు. కాగితములో చుట్టి, వేడి తగులని సొరుగులో దాచుదురు. తరువాతి మూతకు కొలతలు మరల దానినుండియే తీసికొనవలసి యుండును.